మూడో హోల్ దగ్గర రెండో దెబ్బ

నలభై ఏడేళ్ళు వచ్చినా ఆమెని ఇంట్లో ఇంకా చిన్న కోడలనే అంటారు. ఆ పేరు పెట్టిన అత్తగారు పోయి తొమ్మిదేళ్ళయింది. పేరు మాత్రం గోడలో దిగిన మేకులా ఉండిపోయింది.

ఆ శనివారం పొద్దున గోల్ఫ్ మైదానంలో, మూడో హోల్ దగ్గర, చిన్న కోడలు కొట్టిన బంతి కప్పలా రెండు గెంతులు గెంతి పదిహేను అడుగుల అవతల ఆగిపోయింది. గుంత ఇంకా మూడొందల గజాల దూరంలో ఉంది.

ఆమె బంతి వైపు చూసింది. చేతిలో ఉన్న కర్ర వైపు చూసింది. కాళ్ళ దగ్గరి గడ్డి వైపు చూసింది. గడ్డి మీద చిన్న గీటు కూడా లేదు. కర్ర నేలని తాకనే లేదు, బంతి నెత్తిన మొట్టికాయ వేసి వెళ్ళిపోయింది.

"ఇది వరసగా మూడో వారం," అంది పెద్ద కోడలు వెనక నుంచి.

"తెలుసక్కా."

"తెలిస్తే చాలదుగా."

పెద్ద కోడలు నడిచి వెళ్ళి ఆ బంతి పక్కన నిలబడింది. వాళ్ళు ఆడేది జోడీ ఆట. ఇద్దరికీ కలిపి ఒకటే బంతి. ఒక దెబ్బ ఒకరిది, తర్వాతి దెబ్బ రెండోవారిది. ఒకరు చేసిన తప్పు దగ్గరికి ఇంకొకరు నడిచి వెళ్ళి, నోరు మూసుకుని దిద్దుకోవాలి. ఉమ్మడి కాపురం చేసినవాళ్ళకి ఈ ఆట కొత్తగా నేర్పక్కర్లేదని మైదానం మాస్టారు అంటూ ఉంటారు.

బేసి హోల్స్‌లో మొదటి దెబ్బ పెద్ద కోడలిది. మైదానంలో పొడవైన హోల్స్ రెండు, మూడోదీ ఏడోదీ. రెండూ బేసివే. అందువల్ల ఆ రెండు చోట్లా రెండో దెబ్బ చిన్న కోడలి వంతుకు వస్తుంది. మొదటి దెబ్బకైతే బంతిని చిన్న మేకు మీద నిలబెట్టుకోవచ్చు. కాస్త అటూ ఇటూ అయినా ఆ బంతి తప్పు కాస్తుంది. రెండో దెబ్బకి ఆ సుఖం లేదు. గడ్డి మీద బంతి ఎలా పడి ఉంటే అలాగే దూరం పంపాలి. దానికి వాడే కర్రని ఫెయిర్‌వే వుడ్ అంటారు. పేరులో చెక్క ఉంది గానీ వస్తువులో పుల్లముక్క లేదు, తలంతా ఉక్కే. ఇంట్లో మాత్రం అందరూ దాన్ని చెక్క అనే అంటారు.

సరదాకి ఆడేవాళ్ళలో చాలామంది ఆ కర్రని సంచిలోంచి తీయడానికే జంకుతారు. చిన్న కోడలు ఆరేళ్ళపాటు జంకు లేకుండా తీసింది. ఇద్దరిలో ఆ దెబ్బ బాగా కొట్టగలిగింది ఆమె ఒక్కతే. ఎలా కొడుతున్నావని ఎవరైనా అడిగితే, "ఏముంది, కొట్టడమే," అనేది. ఇప్పుడు ఎందుకు తగలడం లేదని అడిగితే ఆ మాత్రం జవాబు కూడా లేదు.

ఇద్దరూ ఉండేది ఒకే ఇంట్లో. అన్నదమ్ముల భార్యలు. కింద వాటా పెద్దవాళ్ళది, పై వాటా చిన్నవాళ్ళది. వంటిల్లు ఒకటే, కింద. అందులో స్టవ్వులు రెండు, ఉప్పు డబ్బాలు రెండు, గిన్నెలు తోమే పీచులు కూడా రెండు. ఇరవై రెండేళ్ళ కిందట ఇద్దరికీ ఏదో మాట పట్టింపు వచ్చింది. కారణం ఇప్పుడు ఇద్దరికీ గుర్తులేదు, పట్టింపు మాత్రం గుర్తుంది. వంటింట్లో మాటలు అవసరం మేరకే ఉంటాయి. పాలు పొంగుతున్నాయి. తలుపు వెయ్యి. నీ ఫోను మోగుతోంది.

వాళ్ళ మధ్యకి గోల్ఫ్ వచ్చింది కూడా ముచ్చటపడి కాదు. పెద్ద కోడలు నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల కౌంటర్ దగ్గర కూర్చుంటుంది. నీళ్ళు రానివాళ్ళ తిట్లు రోజంతా విని విని రక్తపోటు తెచ్చుకుంది. డాక్టరు నడవమన్నాడు. ఊరి చివర తొమ్మిది హోల్స్ మైదానంలో పొద్దుటిపూట ఆడవాళ్ళకి సభ్యత్వం జోడీగానే ఇస్తారు. ఆఫీసులో అప్పట్లో తోడు దొరకలేదు. ఇంట్లో అడగడానికి ఒక్క మనిషే మిగిలింది. ఆ అడగడం కూడా వంటింట్లో, స్టవ్వు వైపు తిరిగి అడిగింది.

"శనివారం పొద్దున నీకేమైనా పనుందా?"

చిన్న కోడలికి ఆ రోజు పనుంది. లేదని చెప్పింది.

మైదానంలో మాత్రం ఇద్దరికీ ఒకటే ఫ్లాస్కు. నాలుగో హోల్ దగ్గర ఒక బెంచీ ఉంది. అక్కడ కూర్చుని ఒకే కమలాపండు ఒలుచుకుని చెరిసగం తింటారు. కౌంటర్ దగ్గర ఎవరో తన మీదికి ఖాళీ సీసా విసిరిన సంగతి పెద్ద కోడలు చెప్పింది ఆ బెంచీ మీదే. భర్తకి ఇప్పటికీ చెప్పలేదు. నిలవని రెండో కడుపు గురించి చిన్న కోడలు ఏడ్చిందీ అక్కడే, పద్దెనిమిదేళ్ళు ఆలస్యంగా. ఇంటికొచ్చి బూట్లు విడిచాక మళ్ళీ రెండు ఉప్పు డబ్బాలు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. వీళ్ళు ఇంటిని అలాగే వదిలేసి రచ్చలో గెలుస్తూ వచ్చారు.

ఆ శనివారం బెంచీ దగ్గర పెద్ద కోడలు కమలాపండు ఒలిచి సగం ఇచ్చింది గానీ కూర్చోలేదు.

"వచ్చే ఆదివారం జోడీల పోటీ," అంది. "గురువారానికల్లా పేర్లివ్వాలి. మా మీటర్ల సెక్షన్‌లో కొత్తగా వచ్చినావిడ అడుగుతోంది. చెక్కతో బాగా కొడుతుందట."

"పోటీ వరకేనా అక్కా?"

"సభ్యత్వాలు కూడా అదే కాగితం మీద మారుతున్నాయిగా ఈసారి. ఎవరితో పేరిస్తే ఏడాదంతా వాళ్ళతోనే." పెద్ద కోడలు తొక్కల్ని సంచిలో వేసుకుంది. "నిరుడు ఒక్క దెబ్బ తేడాలో పోయింది కప్పు. నాకూ ఒక్కసారి దాన్ని ఇంటికి తెచ్చుకోవాలనుంది. అదేం పెద్ద కోరికా? బుధవారం దాకా చూస్తాను."

చిన్న కోడలు మిగిలిన తొనల్ని తినకుండా రుమాల్లో చుట్టేసింది. ఏడాది శనివారాలు. అంటే ఏడాదంతా వంటిల్లే.

సలహాలకి కరువేముంది? అడిగిన చోటా దొరికాయి, అడగని చోటా దొరికాయి.

మొదటిది మొగుడిది. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఆ సాయంత్రం డాబా మీద పాత తివాచీ పరిచి, ఆమె కర్ర ఊపుతుంటే ఫోనులో వీడియో తీశాడు.

"నువ్వు బంతిని పైకి లేపాలని చూస్తున్నావ్," అన్నాడు. "లేపడం నీ పని కాదు. కర్ర మొహం చూడు, వాలుగా ఉంది. లేపడం దాని పని. లిఫ్టు ఎక్కినవాడు లోపల గెంతితే తొందరగా పైకెళ్తాడా?"

"వెళ్ళడు."

"మరి నువ్వెందుకు గెంతుతున్నావ్?"

"నేనా? నేనెక్కడ గెంతాను?"

ఆయన వీడియో చూపించాడు. అందులో ఆమె గడ్డం గుండెకి ఆనించుకుని, మెడ బిగించుకుని నిలబడి ఉంది. కర్ర కిందికి వస్తుండగా తల ఒక్కసారి పైకి లేచింది.

"మొదట సిగ్గుపడే పెళ్ళికూతురు," అన్నాడాయన. "తర్వాత తేలు కుట్టిన పెళ్ళికూతురు."

ఆదివారం మాస్టారు చూశారు. "బంతిని ముందు పాదం వైపు రెండు వేళ్ళు జరపండమ్మా. కర్ర నేలని రాసుకుంటూ వెనక్కి వెళ్ళాలి. వచ్చేటప్పుడు చీపురుతో ఊడ్చినట్టు గడ్డిని ఊడ్చేయండి. బరువు ముందు కాలి మీదికి రానివ్వండి. తొందర వద్దు." అన్నీ బాగానే ఉన్నాయి. ఫోను వీడియోల్లో పాఠాలు చెప్పే ఒకాయన ఊడవొద్దు, కిందికి కొట్టమన్నాడు. ఇంకొకావిడ కిందికి కొడితే చెక్క పనికిరాదంది. పెద్ద కోడలు తల ఎత్తకు అంది. మాస్టారు తల బిగించకండి, భుజం తిరగనివ్వండి అన్నారు.

చిన్న కోడలు పద్ధతి గల మనిషి. ప్రతి సలహానీ ఒక్కో కవరు మీద రాసుకుంది. కళ్ళద్దాల షాపులో ఆర్డరు అద్దాలు వచ్చే చిన్న కాగితం కవర్లు అవి. మంగళవారానికి పదకొండు కవర్లయ్యాయి. రోజూ పనికి వెళ్ళేముందు మైదానంలో బంతి దగ్గర నిలబడి వాటిని మనసులో వల్లె వేసేది. నలుగురు ఒక మంచాన్ని మోస్తూ తలొక గుమ్మం వైపు లాగుతున్నట్టు ఉండేది ఒళ్ళు. బంతి అంచు కూడా నీళ్ళలో సబ్బులా కరిగిపోతున్నట్టు కనిపించేది. చెమటనుకుని కళ్ళు తుడుచుకునేది.

పది బంతుల్లో ఒకటి మాత్రం చక్కగా వెళ్ళేది. ఎందుకు వెళ్ళిందో తెలిసేది కాదు. తొమ్మిది పోయినందుకు కాదు, ఆ ఒక్కటి వెళ్ళినందుకు ఆమెకి మతిపోయేది.

బుధవారం మధ్యాహ్నం ఆమె షాపు వెనక గదిలో తన బల్ల దగ్గర ఉంది. పంతొమ్మిదేళ్ళుగా అదే బల్ల. ముందు గదిలో యజమాని కళ్ళు పరీక్షించి చీటీ రాస్తాడు. ఈమె ఫ్రేము పెట్టుకున్న మనిషి ఎదురుగా నిలబడి, కంటిపాప ఎక్కడికి వస్తుందో పెన్నుతో చుక్క పెట్టి, ఆ చుక్క ప్రకారం అద్దం కోసి, అంచులు నునుపు చేసి బిగిస్తుంది. ఎక్కువగా అమ్ముడుపోయేవి ప్రోగ్రెసివ్ అద్దాలు. పై భాగంలోంచి దూరం, కింది భాగంలోంచి దగ్గర, మధ్యలో గీత కనిపించదు. కొత్తగా పెట్టుకున్నవాళ్ళు వారంలో తిరిగొచ్చి నేల ఊగుతోందంటారు. "పది రోజుల్లో అలవాటైపోతుందండీ," అంటుంది ఆమె. ఈ మాట ఎన్ని వేలసార్లు అని ఉంటుందో ఆమెకే తెలియదు.

ఆ రోజు వచ్చింది గోడలకి రంగులేసే ఆయన. గోళ్ళ చుట్టూ నీలం రంగు.

"నిచ్చెన దిగుతుంటే మెట్టు కాలికి ఎదురొస్తోందమ్మా," అన్నాడు.

"కొత్తలో అలాగే ఉంటుందండీ. పది రోజుల్లో అలవాటైపోతుంది."

"నాకలవాటవుతుందేమో. ఎముకలకి అలవాటవదుగా."

"కిందికి చూసేటప్పుడు కళ్ళు దించకండి. తల దించండి. అద్దం పై భాగంలోంచి చూడాలి."

"ఇలాగా?"

ఆయన గదిలో ఉన్న స్టూలు ఎక్కేశాడు. గడ్డం గుండెకి ఆనించి, మెడ బిగించి, కనుబొమ్మల కిందినుంచి నేల వైపు చూశాడు.

"ఇలా నిలబడి రంగెలా వెయ్యమంటారు? మెడ బిగిస్తే భుజం తిరగదు. ఇదిగో, చెయ్యి ఇక్కడితో ఆగిపోయింది, చూడండి."

చిన్న కోడలు చూసింది. ఈ నిలబడ్డ తీరు ఎక్కడో చూసింది. ఎక్కడో వెంటనే తట్టలేదు. కాసేపటికి డాబా, తివాచీ, సిగ్గుపడే పెళ్ళికూతురు గుర్తొచ్చాయి.

ఆమె తన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. నెల కిందట తనే కోసుకున్న ప్రోగ్రెసివ్ అద్దాలు. బల్ల మీద పని ఆమె గుండెల ఎత్తులో ఉంటుంది. రోజంతా గడ్డం పైకెత్తి కింది భాగంలోంచి చూడాలంటే మెడ పీకుతుందని, దగ్గర చూసే భాగాన్ని నాలుగు మిల్లీమీటర్లు పైకి జరిపి కోసింది. ఏ కస్టమరుకీ అలా చేయదు. తనకే కదా అని చేసుకుంది. బల్ల దగ్గర హాయిగానే ఉంది. కాళ్ళ దగ్గరి బంతికి మాత్రం ఆ అద్దాల్లో చోటు లేదు. తల మామూలుగా ఉంచితే బంతి కరుగుతుంది. కరగకుండా చూడాలంటే గడ్డం గుండెకి ఆనాలి. ఆనిస్తే భుజం తిరగదు. భుజాన్ని బలవంతంగా తిప్పితే తల పైకి లేస్తుంది.

స్కేలు పెట్టి కొలిచింది. నాలుగే. నాలుగు మిల్లీమీటర్లు అంత పని చేస్తాయా? లేక ఇది కూడా పన్నెండో కవరా?

"ఏమైందమ్మా?" రంగులాయన స్టూలు మీదే ఉన్నాడు. "నా అద్దాల్లో తప్పుందా?"

"లేదండీ. నా అద్దాల్లో ఉంది."

"మీ అద్దాల్లో తప్పుంటే నాకెందుకమ్మా మెట్టు ఎదురొస్తోంది?"

ఆమెకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "దిగండి ముందు," అంది. "నిచ్చెన పనికి దూరం అద్దాలు విడిగా చేసిస్తాను. ఇవి ఇంట్లో ఉంచుకోండి."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా."

"పంతొమ్మిదేళ్ళలో ఎవరూ స్టూలెక్కి చూపించలేదండీ."

ఆ సాయంత్రం వంటింట్లో చిన్న కోడలు తన స్టవ్వు ఆపి, రెండో స్టవ్వు వైపు తిరిగింది.

"అక్కా, రేపు పొద్దున ఆఫీసుకి ముందు ఒక్కసారి మైదానానికి రండి."

ఆరేళ్ళ కిందటి ఆ ఒక్క ప్రశ్న తర్వాత వంటింట్లో ఆట మాట ఎత్తడం అదే మొదలు. పెద్ద కోడలు గరిటె తిప్పడం ఆపింది. "బుధవారం దాకా అన్నాను."

"బుధవారం ఇంకా అవలేదుగా."

పెద్ద కోడలు గోడ గడియారం వైపు చూసింది. "ఆరింటికి," అని మళ్ళీ గరిటె తిప్పింది.

పొద్దున చిన్న కోడలు సొరుగులోంచి పాత కళ్ళద్దాలు తీసి పెట్టుకుంది. దూరం చూసేవి మాత్రమే. ఒక కాడకి టేపు చుట్టి ఉంది. మూడో హోల్ దగ్గరికి వెళ్తూ అక్కకి అంతా చెప్పింది, నాలుగు మిల్లీమీటర్లు, రంగులాయన, స్టూలు అన్నీ. పెద్ద కోడలు నడక ఆపేసింది.

"చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ముక్కు మీద పెట్టుకుని మూడు వారాలు నా ప్రాణం తీశావా? ఊరందరికీ కళ్ళద్దాలు చేసేదానివి నువ్వే కదే!"

"నేనేనక్కా."

"ఎవరు కోశారు ఆ అద్దాలు?"

"నేనే."

"అయితే ఫిర్యాదు ఎవరి మీద రాసుకోవాలి?" అంటూ పెద్ద కోడలు గడ్డి మీద మూడు బంతులు పడేసింది.

బంతి స్పష్టంగా ఉంది. మీద అచ్చువేసిన అంకె, సన్నటి గుంటలు, ఒక గుంటలో అంటుకున్న గడ్డి పరక కూడా కనిపించాయి. చిన్న కోడలు కర్ర ఊపింది. కర్ర బంతికి జానెడు వెనక నేలలో దిగి మట్టిపెళ్ళ లేపింది. బంతి ఒక్క బెత్తెడు కదిలింది.

"ఇప్పుడేమైంది?" అంది పెద్ద కోడలు.

"తెలీదక్కా. బంతి కనిపిస్తోంది. ఏం చెయ్యాలో కనిపించడం లేదు."

"ఆరేళ్ళు ఎలా కొట్టావ్?"

"ఏముంది, కొట్టడమే."

"అయితే కొట్టు."

రెండో బంతికి గడ్డి ఊడ్చిన చప్పుడైంది, దాని వెనకే చిన్న టిక్కుమన్న చప్పుడు. బంతి ముందు తక్కువ ఎత్తులో వెళ్ళి, తర్వాత ఎవరో మెట్లు వేసినట్టు పైకి లేచి, కాలవ దాటి పడింది. మూడో బంతి అంతే దూరం వెళ్ళింది గానీ కుడివైపు చెట్లలోకి పోయింది.

చిన్న కోడలు రెండు చోట్లకీ చూస్తూ నిలబడింది. అద్దాల వల్లా? కొట్టు అన్న మాట వల్లా? లేక పది బంతుల్లో వెళ్ళే ఆ ఒక్కటే ఇప్పుడు వెళ్ళిందా? అలాగైతే మూడోది అంత దూరం వెళ్ళి పక్కకి ఎందుకు పోయింది? కవర్లలో దీనికి జవాబు లేదు.

"ఇంకొకటి కొట్టనా?"

"అక్కర్లేదు."

పెద్ద కోడలు సంచిలోంచి మడిచిన కాగితం తీసి, స్కోరు కార్డు అట్ట మీద పెట్టి, పెన్నుతో సహా ఆమె చేతికిచ్చింది. పోటీకి పేర్లిచ్చే ఫారం.

"ఎవరి పేరు రాస్తావో నువ్వే రాయి. మీటర్లావిడ పేరు కూడా నీకు తెలుసుగా."

"మూడింట్లో ఒకటే సరిగ్గా వెళ్ళిందక్కా."

"నేనూ ఇక్కడే ఉన్నాను. చూశాను."

చిన్న కోడలు ఫారం వైపు చూసింది. పాత అద్దాల్లోంచి దగ్గరివేవీ ఆనవు. అక్షరాలు చీమల బారులా కదిలాయి. చెయ్యి చాచి దూరంగా పట్టుకుంది. చెయ్యి చాలలేదు. చదివి పెట్టమని అడగబోయి ఆగింది. అడిగితే అక్క మనసు మారుతుందేమోనని భయం. ఖాళీగా ఉన్నట్టు తోచిన మొదటి గీత మీద గబగబా తన పేరు రాసి ఇచ్చేసింది.

పెద్ద కోడలు కాగితం చూసింది.

"ఎక్కడ రాశావో తెలుసా?"

"గీత మీదేగా?"

"గీత మీదే. కెప్టెన్ అని ఉన్న గీత మీద."

ఆరేళ్ళుగా ఆ గీత పెద్ద కోడలిది. ఇంట్లో మొదటి స్టవ్వు ఎలాగో, ఇదీ అలాగే. చిన్న కోడలు కాగితం కోసం చెయ్యి చాచింది.

"ఇలా ఇవ్వండక్కా, కొట్టేసి మళ్ళీ రాస్తాను."

"కొట్టివేతలుంటే తీసుకోరు. అది కూడా రాసి ఉంది కింద. నీకది కూడా కనిపించి ఉండదు."

పెద్ద కోడలు పెన్ను లాక్కుని, అట్టని మోకాలి మీద ఆనించి, రెండో గీత మీద తన పేరు రాసింది. తర్వాత తలెత్తింది. ఆమె మొహం చిన్న కోడలి మొహానికి మూరెడు దూరంలో ఉంది. అందులో ఏదో కదిలింది. అది నవ్వో, మూతి విరుపో చిన్న కోడలికి తెలియలేదు. అంతా అలుక్కుపోయినట్టు ఉంది. సరిగ్గా చూద్దామని రెండడుగులు వెనక్కి వేసింది.

"ఎక్కడికే?"

"మీ మొహం చూద్దామని."

"చూసింది చాల్లే. ఆ బంతులేరుకురా, కెప్టెన్. నాకు ఆఫీసు టైమవుతోంది."

అప్పటికే పెద్ద కోడలు అటు తిరిగి నడవడం మొదలుపెట్టింది. చిన్న కోడలికి ఆమె వీపు కనిపించింది. జాకెట్టు కుట్టు దగ్గర వేలాడుతున్న దారప్పోగు కూడా కనిపించేంత స్పష్టంగా కనిపించింది.